ఆ నలుపు చెక్కదా, పాలిష్‌దా?

ప్రశ్న: నమస్కారం అండీ. మేము హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. పక్క స్థలంలో కొత్త అపార్ట్‌మెంట్ లేచాక మా ఇంట్లోకి వెలుతురు బాగా తగ్గిపోయింది. పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. దానికి తోడు మా సామానంతా ముదురు రంగే. మా అత్తయ్యగారు కాకినాడలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు బీరువా ఇప్పుడు దాదాపు నల్లగా ఉంది. ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ ఉంది. ఆ కుర్చీలకి ఇరవై ఏళ్ళ కిందట చాక్లెట్ రంగు ఆయిల్ పెయింట్ వేయించారట. పిల్లల గదిలో వార్డ్‌రోబ్‌కి ముదురు గోధుమ రంగు సన్‌మైకా. అన్నిటికీ తెల్ల రంగు వేయించాలని నా కోరిక. పెయింటర్‌ని పిలిస్తే "రెండు కోటింగులు తెల్ల ఎనామిల్ కొడితే సరిపోతుంది, రెండు రోజుల పని" అన్నాడు. అత్తయ్యగారు పైకి ఏమీ అనలేదు గానీ ఆ రోజు నుంచి ముభావంగా ఉన్నారు. మా బాబుకి నాలుగేళ్ళు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ పెయింటర్‌కి ఫోన్ చేసి ఒక నెల ఆగమని చెప్పండి. మీరు రాసిన సామానులో రంగు వేయాల్సినవి కుర్చీలు, వార్డ్‌రోబ్, టేబుల్ కాళ్ళు. బీరువాకి రంగు వద్దు. అలాగని అది ఇలా నల్లగానే ఉండిపోవాలని కూడా నేను అనను.

టేకు పుట్టుకతో నల్లని చెక్క కాదు. కోసిన కొత్తలో బంగారు పసుపులో ఉంటుంది, గాలి వెలుతురు తగిలాక తేనె రంగుకి తిరుగుతుంది. ఎన్నేళ్ళు గడిచినా దానంతట అది బొగ్గు రంగులోకి రాదు. మరి మీ బీరువా నల్లగా ఎందుకుంది? మన ఇళ్ళలో పెళ్ళికో పండక్కో పాలిష్ పెట్టించేవాళ్ళు. పాత పాలిష్ తీయకుండా దాని మీదే కొత్తది. ముదురు రంగైతే హుందాగా ఉంటుందని అందులో రంగు కూడా కలిపించేవాళ్ళు. దాని మీద చేతుల జిడ్డు, సాంబ్రాణి పొగ, వంటింటి ఆవిరి చేరతాయి. ఇలా ఏళ్ళ తరబడి పేరుకున్న పొర కింద అసలు చెక్క ఏ రంగులో ఉందో మీ అత్తయ్యగారికి కూడా గుర్తుండకపోవచ్చు.

తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పెయింట్ షాపులో పాలిష్ పనికి వాడే స్పిరిట్ దొరుకుతుంది. బీరువా వెనక, గోడ వైపు, అడుగున ఎవరికీ కనబడని చోట అరచేయంత జాగా చూసుకోండి. దూదిని స్పిరిట్‌లో తడిపి అక్కడ ఒక నిమిషం రుద్దండి. దూదికి గోధుమ రంగు అంటుకుని, ఆ జాగా జిగురు జిగురుగా అయితే అది లక్క పాలిష్. పాత బీరువాల మీద ఎక్కువగా ఉండేది ఇదే. లక్క పురుగు చెట్టుకొమ్మల మీద పెట్టే జిగురుని శుద్ధి చేసి, రేకులుగా చేసి, స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. ఏటికొప్పాక బొమ్మల మీద ఆ మెరుపు కూడా లక్కదే. స్పిరిట్‌లో కరిగించి పూసింది కాబట్టి ఎన్నేళ్ళయినా మళ్ళీ స్పిరిట్‌కే కరుగుతుంది. మీకు కలిసొచ్చేది ఈ గుణమే. స్పిరిట్‌కి ఏమీ కాకపోతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో ఇంకోచోట రుద్ది చూడండి. దానికి మెత్తబడితే లాకర్ అనే, ఆ థిన్నర్‌లో కలిపి వేసే రకం పాలిష్. దేనికీ చలించకపోతే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి గట్టి పూత కావచ్చు, ఎండి గట్టిపడిన ఆయిల్ వార్నిష్ కావచ్చు. అప్పుడు పెయింట్ రిమూవర్‌తోనో మెషీన్‌తోనో తీయాలి. ఆ పని ఇంట్లో పెట్టుకోకుండా వడ్రంగి షెడ్డుకి పంపించండి.

ఒక సందేహం తీర్చుకోవడం కూడా మంచిది. అది నిజంగా టేకేనా? సొరుగు బయటికి లాగి, పాలిష్ అంటని లోపలి అంచు చూడండి. లేత గోధుమ రంగులో, తడిమితే కాస్త నూనె పట్టినట్టు ఉంటే టేకు. లోపల కూడా ఊదా ఛాయతో ముదురుగా, చారలు చారలుగా ఉంటే రోజ్‌వుడ్, అంటే మనం ఇరుగుడు అనే చెక్క. ఇరుగుడైతే ఎంత గీకినా తెల్లబడదు, ఎందుకంటే దాని రంగే అది. అలాంటప్పుడు శుభ్రం చేసి, దాని మానాన దాన్ని ఉంచి, గదిలో చోటు మార్చడమే సరైన పని.

టేకు, లక్క పాలిష్ అని తేలిందనుకోండి. పాత బట్ట ముక్కని స్పిరిట్‌లో తడిపి ఒక పక్క మీద పరిచి, ఐదారు నిమిషాలు నాననిచ్చి, ప్లాస్టిక్ పట్టీతో గీకితే పొర మెత్తగా ముద్దలా వస్తుంది. ఒకసారికి ఒక పలక చొప్పున చేసుకోవాలి. బీరువా మొత్తం ఒకేసారి మొదలుపెడితే సగం కరిగి సగం ఎండి మళ్ళీ అతుక్కుపోతుంది. పొర వచ్చేశాక 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 180, చివర 220. ఎప్పుడూ చెక్క నార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు జన్మలో పోవు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం వాడకండి. దాని తునకలు చెక్కలో ఇరుక్కుంటాయి. తడి తగలగానే ఇనుమూ, చెక్కలో సహజంగా ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలూ కలిసి నల్లటి చుక్కలు పడతాయి. చాలా ఇళ్ళలో తలుపు మేకుల చుట్టూ కనిపించే నలుపు కూడా అదే.

ఇంత చేశాక చెక్క పొడిగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. బట్టని స్పిరిట్‌లో తడిపి ఒకసారి పూసి చూడండి. ఆ తడిలో ఏ రంగు కనిపిస్తుందో, పైన రంగులేని పాలిష్ వేశాక ఇంచుమించు అదే రంగు ఉంటుంది. అది నచ్చితే రంగు కలపని నీటి ఆధారిత క్లియర్ పాలిష్ వేయించండి. ఆయిల్ వార్నిష్ వేస్తే మొదటి రోజే పసుపుపచ్చగా మారి, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. కాళ్ళ దగ్గర, ఇల్లు తుడిచిన నీళ్ళు తగిలిన చోట నల్లటి మరకలు మిగిలితే ఆక్సాలిక్ ఆమ్లంతో పోగొట్టవచ్చు. అది విషం. నాలుగేళ్ళ బాబు ఉన్న ఇంట్లో ఆ డబ్బా అసలు పెట్టుకోవద్దు, పాలిష్ మేస్త్రీ షెడ్డులోనే చేయించండి. స్పిరిట్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచకండి. దేవుడి దగ్గర దీపం, వంటింట్లో స్టవ్ ఆరిపోయాకే మూత తీయండి.

నల్ల బీరువా పక్కన తేనె రంగు బీరువా ఎంత తేలిగ్గా కనిపిస్తుందో చూసేదాకా నమ్మకం కలగదు. హాల్లో వెలుతురు తగ్గిందన్న మీ బాధకి ఇది సగం మందు.

ఇక మీ అత్తయ్యగారి సంగతి. ఒకప్పుడు కాకినాడ, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి మనవాళ్ళు బతుకుతెరువుకి రంగూన్ వెళ్ళొచ్చేవాళ్ళు. బర్మా టేకు అంటే ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఒక గౌరవం. ఆమె బీరువా ఆ టేకు అవునో కాదో నేను చెప్పలేను. కానీ అది ఆమెకి పుట్టింటి వాళ్ళు ఇచ్చిన వస్తువు. దాని మీద తెల్ల ఎనామిల్ పడుతుందంటే ఆమె మనసు చిన్నబుచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆమె నోరు తెరిచి వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోకండి. మీరు పరీక్ష చేసే రోజు ఆమెని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ దూది ఆమె చేతికే ఇవ్వండి. నలుపు కింద నుంచి తేనె రంగు బయటపడితే మీ ఇద్దరి మాటా నెగ్గుతుంది. అప్పటికీ ఆమె వద్దంటే వదిలేయండమ్మా. మిగతా సామాను తేలిక రంగులోకి వస్తే ఒక్క నల్ల బీరువా గదిని చీకటి చేయదు.

బీరువా మీద రంగు వద్దనడానికి నాకు సొంత అనుభవం కూడా ఉంది. మా నాన్నగారి టేకు రాతబల్లకి ఒక వానాకాలం విజయవాడలో తెల్ల రంగు వేశాను. పాలిష్‌ని పైపైన గీకి, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) లేకుండా, నీటి రంగు నేరుగా. మొదటి రోజు ఎంతో బాగుంది. వారం తిరిగేసరికి టీ ఒలికినట్టు పసుపు, గోధుమ మరకలు పైకి తేలాయి. ఇంకో కోటింగ్ వేశాను, మళ్ళీ తేలాయి. మూడోది వేసినా అంతే. చెక్కలోని టానిన్లూ, పాత పాలిష్‌లో కలిపిన రంగూ పెయింట్‌లోని తడికి కరిగి పైకి వస్తాయని, ఎన్ని కోటింగులు వేసినా వాటిని ఆ పెయింట్ ఆపలేదని తర్వాత తెలిసింది. చేతులు ఆనించే అంచుల దగ్గర పెయింట్ గోరుతో లాగితే పొరలా ఊడి వచ్చింది, ఎందుకంటే కింద మైనమూ జిడ్డూ అలాగే ఉన్నాయి. చివరికి అంతా గీకించి, మైనం లేని లక్కతో సీల్ చేయించాకే మరక ఆగింది. మీ పెయింటర్ చెప్పిన "రెండు కోటింగులు, రెండు రోజులు" లెక్క నన్ను భయపెట్టింది అందుకే.

కుర్చీల దగ్గర నా భయం వేరు, అది మీ బాబు గురించి. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబర్ 1 నుంచి అమలైంది. మీ కుర్చీల రంగు అంతకుముందుది. పెచ్చులు ఊడకుండా కుర్చీ మీద ఉన్నంతవరకు దానితో పెద్ద ప్రమాదం లేదు, గీకినప్పుడు లేచే పొడితోనే అసలు ప్రమాదం. చిన్నపిల్లలు నేల మీద ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చేసే చెరుపు తిరిగి బాగయ్యేది కాదు. కాబట్టి ఈ ఆరు కుర్చీల పని ఇంట్లో వద్దు, బాల్కనీలో కూడా వద్దు. షెడ్డుకి పంపండి. పొడిగా గీకకుండా, వాటర్ పేపర్‌ని నీళ్ళలో ముంచి తడి మీదే రుద్దమనండి. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే చెక్క కనబడేదాకా తీయాల్సిన పనే లేదు, మెరుపు చచ్చి గరుకు తేలితే చాలు. మంట పెట్టి రంగు కాల్చి తీసే పద్ధతి మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఆ పొగ పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అతనికి మంచి మాస్క్ ఉందో లేదో కూడా కనుక్కోండి. లేకపోతే మీరే కొనివ్వండి.

రుద్దే ముందు కడగడం ముఖ్యం, చాలామంది దీన్ని వదిలేస్తారు. మన ఇళ్ళలో కుర్చీ వీపుకి, మంచం తలవైపు పలకకి కొబ్బరినూనె పట్టి ఉంటుంది. కడగకుండా రుద్దితే ఆ నూనె ఉప్పు కాగితంతో పాటు చెక్కంతా పాకుతుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. సబ్బు నీళ్ళతో ఒకసారి, ఆరాక టర్పెంటైన్‌తో ఒకసారి తుడిపించండి. తర్వాత రుద్దడం, గుంటలుంటే చెక్క లప్పం, అది ఆరాక మళ్ళీ రుద్దడం, తెల్ల వుడ్ ప్రైమర్ రెండు కోటింగులు. చెక్క బయటపడిన చోట్ల ప్రైమర్‌కి ముందు లక్క సీలర్ పూయించండి. ఆ పైన అసలు రంగు రెండు కోటింగులు పలచగా, కింది ముదురు రంగు ఇంకా తొంగిచూస్తే మూడోది. ప్రతి కోటింగ్‌కీ మధ్య ఒక రాత్రి ఆగి, 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, తడి బట్టతో పొడి తుడిచాకే తర్వాతది. లెక్కేసుకుంటే ఎనిమిది పది రోజులు పడుతుంది.

ఏ పెయింట్ అనే దగ్గర కూడా నేను మీ పెయింటర్‌తో ఏకీభవించను. మామూలు తెల్ల ఆయిల్ ఎనామిల్ వెలుతురు లేని చోట పసుపుపచ్చగా మారుతుంది. మీ ఇంట్లో ఉన్న ఇబ్బందే వెలుతురు. ఏడాది రెండేళ్ళలో మీ తెల్ల కుర్చీలు పాత కాగితం రంగుకి వస్తాయి. నీటి ఆధారిత ఎనామిల్ అలా పచ్చబడదు, వాసన కూడా తక్కువ. కాస్త ధర ఎక్కువైనా అదే తీసుకోండి. మెరుపు మరీ ఎక్కువైతే చెక్క మీది ప్రతి గుంటా కనబడుతుంది, అసలు మెరుపు లేకపోతే వేలిముద్రలు పట్టుకుంటాయి. ఈ రెండిటికీ మధ్యది శాటిన్ అంటారు, అది బాగుంటుంది.

డైనింగ్ టేబుల్ పై పలకకి రంగు వద్దు. రోజూ వేడి సాంబారు గిన్నె దించే చోట, రోజుకి మూడుసార్లు తడిబట్టతో తుడిచే చోట ఏ పెయింటూ బతకదు. పై పలక చెక్క రంగులోనే బాగుచేయించి, కాళ్ళకీ చుట్టూ పట్టీకీ కుర్చీల రంగే వేయించండి. కాళ్ళు టేకువైతే సీలర్ మరవకండి.

వార్డ్‌రోబ్ సంగతి తేలిక. సన్‌మైకాకి టేకులా లోపలి నుంచి ఊరి వచ్చే మరకల బెడద లేదు, నున్నగా ఉండటమే దాని సమస్య. పై పొర చిరగకుండా 220 కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, తుడిచి, నున్నటి ఉపరితలాలకి పట్టే బాండింగ్ ప్రైమర్ వేయించాలి. మామూలు వుడ్ ప్రైమర్ దాని మీద నిలవదు. అంచుల్లో సన్‌మైకా లేచి ఉంటే ముందు జిగురు పెట్టి బిగించాలి. బ్రష్ కంటే నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌తో పని నున్నగా వస్తుంది. ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు వార్డ్‌రోబ్‌కి ముందు వైపే 42 చదరపు అడుగులు, పక్కలు కలిపితే 60 పైమాటే. లీటరు పెయింట్ ఒక కోటింగ్‌కి సుమారు 100 చదరపు అడుగులు వస్తుందనుకుంటే, రెండు కోటింగులకి లీటరున్నర తెచ్చుకుంటే సరిపోతుంది.

తలుపులు ఊడదీసేటప్పుడు ఏ తలుపు ఏ బందులది అన్నది లోపలి వైపు పెన్సిల్‌తో నంబరు వేసుకోండి. పిడులు, గడియలు, తాళం కప్పలు అన్నీ తీసి పక్కన పెట్టించండి. వాటి చుట్టూ బ్రష్ తిప్పించే పెయింటర్ని ఒప్పుకోకండి. బీరువాకి పాత ఇత్తడి పిడులుంటే ఆ వారం రోజుల్లో మీరే చింతపండుతో తోముకోవచ్చు. అవి మెరిస్తేనే బీరువాకి సగం అందం.

రంగు ఎంపికలో స్వచ్ఛమైన తెలుపు వద్దంటాను. ట్యూబ్‌లైట్ కింద అది నీలంగా, ఆసుపత్రి మంచంలా కనిపిస్తుంది. నాలుగేళ్ళ పిల్లాడి చేతిముద్రలు మూడో రోజే తేలతాయి. మజ్జిగ రంగు, ఏనుగుదంతం రంగు, లేత బిస్కెట్ రంగు, వార్డ్‌రోబ్‌కైతే బాగా పలచని పిస్తా – ఇలాంటివి చూడండి. షేడ్ కార్డులో చూసి నిర్ణయించుకోకండి. చిన్న డబ్బా కొని, రెండడుగుల అట్టముక్కకి రెండు కోటింగులు పూసి, ఆ సామాను ఉండే చోటే ఆనించి పెట్టండి. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. మీ గోడల కంటే ఒక్క ఛాయ ముదురుగా ఉన్నా పర్వాలేదు. సామాను గోడలో కలిసిపోతే గది పెద్దదిగా కనిపిస్తుంది.

ఎప్పుడు చేయించాలి? సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా మన దగ్గర ఈ పనికి మంచి రోజులు. గాలిలో తేమ తక్కువ, ఎండ మరీ ఎక్కువ కాదు. వానాకాలంలో లక్క పాలిష్ పెడితే తేమకి పైన పాలపొరలా తెల్లబడుతుంది, పెయింట్ ఆరక జిగురుగా ఉండిపోతుంది. నడి వేసవి మధ్యాహ్నాల్లో పెయింట్ బ్రష్ కిందే ఆరి చారలు పడుతుంది. వార్డ్‌రోబ్ పని జరిగే రోజుల్లో బాబుని వేరే గదిలో పడుకోబెట్టండి. కిటికీలు తెరవండి కానీ తడి పెయింట్ మీద ఫ్యాన్ వేయకండి, రెక్కల దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది.

పెయింట్ ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. రెండోదానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా కుర్చీల మీద జాగ్రత్తగా కూర్చోవచ్చు గానీ ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వార్డ్‌రోబ్ తలుపులు పూర్తిగా మూయకుండా సందులో మడిచిన బట్ట ముక్క పెట్టి ఉంచండి, లేకపోతే అంచులు అతుక్కుని తెరవగానే పెయింట్ ఊడొస్తుంది. అరల్లో న్యూస్‌పేపర్ పరిచే అలవాటుంటే ఆ మూడు వారాలూ ఆగండి. అక్షరాలు రంగు మీదికి దిగుతాయి. బట్టలు సర్దడం కూడా ఆ తర్వాతే.